మాట్రిమొనీ సైటా, కులం గ్రూపా, పెళ్లిళ్ల పేరయ్యా? మోసపోకుండా సంబంధం వెతకడానికి ఎవరికి ఏ దారి

పెళ్లీడు పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు నాలుగైదు దారులు ఒక్కసారే తెరిచి ఉంటున్నాయి. పిల్ల పేరు తెలుగు మాట్రిమొనీలోనో, షాదీలోనో, జీవన్‌సాథీలోనో ఉంటుంది. బయోడేటా కులం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో ఒక పేరయ్య సంచిలో ఫొటో ఉంటుంది. ఇవన్నీ చాలవన్నట్టు బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్ల ఫోన్లో ఇంకో యాప్. వీటిలో దేనికి డబ్బు కట్టాలి, దేన్ని ఎంతవరకు నమ్మాలి, దేన్ని వదిలేయాలి అన్నది ఇక్కడ చూద్దాం. జాతకాలు, ఎత్తు, జీతం జోలికి పోవడం లేదు. మోసగాడు దూరడానికి ఏ దారిలో ఎంత సందుంది, దాన్ని ఎట్లా మూయాలి అన్నంతవరకే.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఏ దారీ దానంతట అది భద్రం కాదు. సైటు పెట్టే టిక్కు గుర్తు కంటే, అవతలి ఇంటి గడప మనవాళ్లు ఎంత తొందరగా తొక్కగలరన్నదే ఎక్కువ కాపాడుతుంది. డబ్బు మాట రాకముందే, మనసు పూర్తిగా అటు మొగ్గకముందే ఆ గడప దాకా పోగలిగే దారి మీకు ఏదో, అదే మీకు మంచి దారి.

మోసం ఎన్ని రూపాల్లో వస్తుంది

మొదటిది పార్శిల్ మోసం. లండన్‌లో డాక్టరునంటాడు, నగలు, ఐఫోన్ పంపానంటాడు. రెండు రోజులకు ఢిల్లీ కస్టమ్స్ నుంచి అంటూ ఒక ఆడమనిషి ఫోన్ చేసి సుంకం కట్టమంటుంది. ఇంకో రకంలో అతనే విమానం దిగుతాడు, ఎక్కువ డాలర్లు తెచ్చినందుకు పట్టుకున్నారంటాడు. అసలు కస్టమ్స్ శాఖ ఎవరికీ ఫోన్ చేసి, ఎవరో వ్యక్తి ఖాతాలో డబ్బు వేయమనదు. ఆ శాఖ పంపే ఉత్తరాల మీద డిన్ అనే నంబరు ఉంటుంది, దాన్ని పరోక్ష పన్నుల బోర్డు వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

రెండోది ట్రేడింగ్ మోసం. ఇందులో అడుక్కోవడం ఉండదు, సాయం చేస్తున్నట్టు ఉంటుంది. "మనిద్దరి భవిష్యత్తు కోసం" అంటూ ఒక యాప్ పెట్టిస్తారు. మొదట పది ఇరవై వేలు వేయించి, లాభం చూపించి, అందులో కొంత నిజంగానే వెనక్కి తీసుకోనిస్తారు. నమ్మకం కుదరడానికి వాళ్లు పెట్టే ఖర్చు అది. లక్షలు వేశాక మాత్రం డబ్బు బయటికి రాదు, "ముందు పన్ను కట్టండి" అని అడుగుతారు. ఆ పన్ను కట్టినా రాదు.

మూడోది వీడియో కాల్ బెదిరింపు. ఇది మగపిల్లలకే ఎక్కువ తగులుతోంది. అవతల అమ్మాయి బట్టలు తీస్తుంది, వీణ్ణీ తీయమంటుంది, రికార్డు చేసి బంధువులకు పంపుతామంటారు.

నాలుగోది పెళ్లి దాకా వచ్చే మోసం. పెళ్లయిందని దాచడం, ఉద్యోగం అబద్ధం చెప్పడం, నగలు తీసుకుని మాయమవడం. 2022 ఫిబ్రవరిలో భువనేశ్వర్ పోలీసులు ఒకణ్ణి పట్టుకున్నారు. ఆరోగ్య శాఖలో పెద్ద డాక్టరునని చెప్పుకుని, మాట్రిమొనీ సైట్ల ద్వారా పలు రాష్ట్రాల్లో పది మందికి పైగా ఆడవాళ్లను పెళ్లాడాడు. వాళ్లలో బాగా చదువుకుని మంచి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లూ ఉన్నారు.

మొదటి మూడూ దూరంనుంచే జరిగిపోతాయి. మనిషిని ఎదురుగా చూస్తే చాలు, కూలిపోతాయి. నాలుగోది ఇంటికే వస్తుంది కాబట్టి చూపు చాలదు, కాగితాలు కూడా చూడాలి.

దారి ఎంచుకునే ముందు అడగాల్సినవి

ఒకటి, ఆ మనిషి ఎవరన్నది ఎవరు పరిశీలించారు? మొబైల్ నంబరు సరిచూశామంటే సిమ్ వాళ్ల చేతిలో ఉందని మాత్రమే అర్థం.

రెండు, మధ్యలో జవాబు చెప్పే మనిషి ఉన్నాడా? రేపు తేడా వస్తే ఎవరి ఇంటికి పోయి నిలదీయగలం?

మూడు, పరిచయం మొదలైన ఎన్నాళ్లకు అవతలి ఇల్లు చూడగలం? రెండు వారాలా, ఆరు నెలలా? మోసగాడికి కావాల్సింది సమయమే. రోజూ రాత్రి గంటసేపు మాట్లాడే మనిషి రెండు నెలలకు అడిగితే కాదనడం కష్టం.

నాలుగు, మన వివరాలు ఎంతమంది చేతుల్లో పడతాయి?

ఐదు, మోసం జరిగితే పోలీసులకు ఇవ్వడానికి ఏమన్నా మిగులుతుందా? మాట్రిమొనీ సైట్ల కోసం కేంద్ర ఐటీ శాఖ 2016 జూన్‌లో సూచనలు ఇచ్చింది. సభ్యుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలని, ప్రొఫైల్ ఏ ఐపీ అడ్రస్ నుంచి నడిచిందో ఆ రికార్డును ఖాతా మూసేశాక కూడా ఏడాదిపాటు ఉంచాలని, ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలని అందులో ఉంది. వాట్సాప్ గ్రూపు నడిపే ఆయన దగ్గర ఇవేవీ ఉండవు.

| దారి | గుర్తింపు పరిశీలన | జవాబు చెప్పే మనిషి | అవతలి ఇల్లు చేరడం | మన వివరాల గోప్యత | మోసం జరిగితే ఆధారం |
|---|---|---|---|---|---|
| పెద్ద మాట్రిమొనీ సైటు | కొంత | లేడు | మన పట్టుదలను బట్టి | సెట్టింగ్‌లు పెట్టుకుంటే బాగుంటుంది | బాగా ఉంటుంది |
| కులం లేదా ప్రాంతం సైటు | సైటును బట్టి | కొన్నిచోట్ల ఉంటాడు | త్వరగా | మధ్యస్థం | మధ్యస్థం |
| వాట్సాప్ గ్రూపు | లేదు | పేరుకే అడ్మిన్ | త్వరగా కావచ్చు | దాదాపు లేదు | నంబరు ఒక్కటే |
| పేరయ్య, బ్యూరో | నోటిమాట | ఉంటాడు | చాలా త్వరగా | మనిషిని బట్టి | రసీదు ఉంటేనే |
| డేటింగ్ యాప్, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ | నామమాత్రం | లేడు | చాలా ఆలస్యం | తక్కువ | కొంత |

పెద్ద మాట్రిమొనీ సైట్లు

సంబంధాలు ఎక్కువ, వడపోత సులువు, ఇంటి బయటికి మాట పొక్కదు. చిక్కు ఎక్కడంటే, ప్రొఫైల్‌లో సైటు సరిచూసేది కొంచెమే. ఫోన్ నంబరు, కొన్నిచోట్ల ఒక గుర్తింపు కార్డు, సెల్ఫీ. ఉద్యోగం, జీతం, ఇంతకుముందు పెళ్లి కాలేదన్న మాట, ఇవన్నీ ఆ మనిషి తనంతట తాను రాసుకున్నవే. డబ్బు కట్టిన మెంబరు కాబట్టి మంచివాడనుకోవడం పొరపాటు. లక్షలు రాబట్టాలనుకున్నవాడికి ఆ మెంబర్‌షిప్ ఫీజు ఒక లెక్కా?

మోసగాడి మొదటి మెసేజ్ దాదాపు ఎప్పుడూ ఇట్లాగే ఉంటుంది:

"హాయ్ అండీ. మీ ప్రొఫైల్ మా అమ్మకు చాలా నచ్చింది. నేను ఈ యాప్‌లోకి ఎక్కువ రాను, నా మెంబర్‌షిప్ కూడా రేపటితో అయిపోతోంది. మీ వాట్సాప్ నంబర్ ఇస్తారా?"

అమ్మకు నచ్చిందన్న మాట పెళ్లి ఉద్దేశం ఉన్నట్టు అనిపించడానికి. రేపటితో అయిపోతోందన్నది తొందరపెట్టడానికి. వాట్సాప్‌కు మారమనడం సైటు కళ్లు తప్పించుకోవడానికి, ఎందుకంటే సైటు లోపల ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఖాతా పోతుంది. మీరు వాట్సాప్‌కు మారిన కొన్నాళ్లకు ఆ ప్రొఫైల్ సైటులో కనిపించకపోతే, అదొక్కటి చాలు ఆగిపోవడానికి. "మీరు దొరికారు కదా, అందుకే తీసేశాను" అని ప్రేమగా చెబుతారు. అందుకే మొదటిరోజే ప్రొఫైల్ ఐడీతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

సైటులో చేరగానే చేయాల్సిన పనులు:

- ఫొటో అందరికీ కాకుండా, మీరు ఒప్పుకున్నవాళ్లకే కనిపించేట్టు పెట్టండి. ఫోన్ నంబరూ అంతే.
- సంబంధాల కోసమే ఒక వేరే సిమ్ తీసుకోండి. బ్యాంకుకు, ఆధార్‌కు కలిపిన నంబరు ఇవ్వకండి.
- కనీసం మొదటి రెండు వారాలు మెసేజ్‌లన్నీ సైటు చాట్‌లోనే జరగనివ్వండి.
- అవతలివాళ్ల ఫొటోను ముఖం వరకు కత్తిరించి గూగుల్ లెన్స్‌లో వెతకండి. వేరే పేరుతో కనిపిస్తే కథ అక్కడితో అయిపోయినట్టే. ఏమీ దొరకకపోతే మాత్రం మంచివాడని రుజువైనట్టు కాదు. కంప్యూటర్ తయారు చేసిన ముఖాలు, ఎవరి ఇన్‌స్టాలోంచో ఎత్తుకొచ్చిన ఫొటోలు చాలాసార్లు లెన్స్‌కు చిక్కవు.
- వారం తిరిగేలోపు వీడియో కాల్ జరగాలి, ముందుగా చెప్పకుండా. ముఖాన్ని పూర్తిగా పక్కకు తిప్పమనండి, అరచేతిని ముఖం ముందు ఆడించమనండి, కిటికీ బయట ఏముందో చూపమనండి. ముఖం మార్చే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు ఇలాంటిచోటే చెదురుతుంది. "కెమెరా పాడైంది", "ఆర్మీలో ఉన్నాను, వీడియో కుదరదు" అన్నవాళ్లతో మాట ఆపేయండి.

+1, +44 నంబర్లు చూసి అమెరికా, లండన్ అనుకోవద్దు. అలాంటి నంబర్లు ఇక్కడ కూర్చునే ఇంటర్నెట్‌లో కొనుక్కోవచ్చు. దానికంటే టైమ్ చూడటం నయం. డాలస్ మనకంటే ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మనకు పొద్దున పదకొండు గంటలంటే అక్కడ అర్ధరాత్రి. రోజూ ఆ వేళకే ఉత్సాహంగా మాట్లాడుతూ, వెనక ఎండ కనిపిస్తుంటే ఆ మనిషి డాలస్‌లో లేడు.

కులం, ప్రాంతం సైట్లు

వీటి బలం ఏమంటే, అవతలి ఇంటిపేరు, ఊరు తెలిసిన మరుక్షణం మనవాళ్లలో ఎవరో ఒకరు "ఆ, వాళ్లు మాకు తెలుసు" అంటారు. బలహీనత సిబ్బంది తక్కువ కావడం. డబ్బు కట్టే ముందు ఆఫీసుకు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: "ఈ అబ్బాయి వివరాలు మీరు ఎవరితో మాట్లాడి తీసుకున్నారు, ఎప్పుడు?" తండ్రితో మాట్లాడామని, ఫలానా నెలలో అని చెప్పగలిగితే కట్టొచ్చు. "అన్నీ వెరిఫైడే మేడమ్" అంటే ఏమీ చూడలేదని అర్థం చేసుకోండి. ఆఫీసు చిరునామా లేని సైటుకు, వ్యక్తి పేరున్న యూపీఐకి డబ్బు పంపమనే సైటుకు ఒక్క రూపాయి కూడా వద్దు.

వాట్సాప్ గ్రూపులు

ఖర్చు లేదు, పది నిమిషాల్లో వందలమందికి చేరుతుంది. అదే ప్రమాదం కూడా. గ్రూపులో ఉన్నాడు కాబట్టి మనోడే అనుకుంటాం. లింకు దొరికితే ఎవరైనా చేరొచ్చు, అడ్మిన్‌కు సగం మంది ముఖాలు తెలియవు.

మామూలు బయోడేటా ఒకటి తీసి చూడండి. పేరు, పుట్టిన తేదీ, టైము, నక్షత్రం, నాయన పేరు, ఇంటి నంబరు, ఉద్యోగం, జీతం, ఇద్దరి ఫోన్ నంబర్లు, అక్కాబావల వివరాలు, మూడు ఫొటోలు. మోసగాడు ఇదంతా చదివి ఫోన్ చేస్తే, "నాకు మీ పెద్ద బావ తెలుసు" అనే అంటాడు. మనం కరిగిపోతాం. అందుకని బయోడేటా రెండు రకాలుగా రాయండి. గ్రూపుల్లో పెట్టేదాంట్లో వయసు, చదువు, ఊరు, గోత్రం, చిన్నాయనదో మామదో ఒక్క నంబరు చాలు. పుట్టిన తేదీ, టైము, చిరునామా, జీతం ఉన్నది మాట ముదిరాక, అడిగిన ఇంటికి మాత్రమే పంపాలి. ఫొటో మీద అడ్డంగా గ్రూపు పేరు, నెల సన్నగా రాసి పెట్టండి. రేపు ఆ ఫొటో ఎక్కడైనా తేలితే ఏ గ్రూపు నుంచి పోయిందో తెలుస్తుంది.

ఫోన్ ఎత్తేది పిల్ల కాకుండా పెద్దవాళ్లయితే ఇంకా మంచిది. మోసగాళ్లు మామలతో, చిన్నాయనలతో రెండో మాట మాట్లాడరు.

పేరయ్య, మ్యారేజ్ బ్యూరో

సీమలో ఈ దారికి ఇప్పటికీ బలముంది, మా లెక్కలో తగిన కారణంతోనే. పేరయ్య రేపు సంతలో కనిపించే మనిషి. రెండిళ్లూ ఆయనకు తెలుసు. ప్రేమ మాటలు చెప్పి డబ్బు గుంజే మోసం ఈ దారిలో దాదాపు జరగదు, ఎందుకంటే మొదటి కలయికే పెళ్లిచూపులు.

ఇక్కడి మోసాలు వేరు. ఒకటి ఫీజు మోసం. బ్యూరో పేరుతో ఫోన్లు చేసే ముఠా అందమైన ఫొటో పంపుతుంది, రిజిస్ట్రేషన్ అంటుంది, తర్వాత "అమ్మాయి నంబర్ ఇవ్వడానికి ఇంకొంత" అంటుంది. ఆ నంబరుకు చేస్తే మాట్లాడే అమ్మాయి వాళ్ల దగ్గర జీతానికి పనిచేసే మనిషి. నాలుగు సార్లు తియ్యగా మాట్లాడి, "మా నాయన ఒప్పుకోలేదు" అని పెట్టేస్తుంది. కాబట్టి ఫీజు విడతలుగా ఇవ్వండి: మొదట కొద్ది మొత్తం, రసీదుతో, మిగతాది నిశ్చితార్థం అయ్యాకే. మంచి పేరయ్యలు దీనికి ఒప్పుకుంటారు.

రెండోది పెళ్లికూతురి మోసం. పల్లెల్లో సేద్యం చేసే మగపిల్లలకు పిల్ల దొరకడం కష్టమైపోయింది. ఆ బాధ తెలిసిన బ్రోకర్లు దూరపు జిల్లానుంచో పక్క రాష్ట్రంనుంచో పిల్లను చూపిస్తారు. తల్లిదండ్రులు లేరంటారు, పేదవాళ్లంటారు, రెండు రోజుల్లో గుడిలో తాళి కట్టించమంటారు, ఖర్చులకని నగదు అడుగుతారు. పదో రోజుకు పిల్ల, నగలు ఉండవు. ఆ పిల్ల పుట్టిన ఊరికి పోకుండా, అక్కడ ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగుతో మాట్లాడకుండా తాళి కట్టొద్దు. పెళ్లిని రిజిస్టర్ చేయిద్దామని ముందే చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం ప్రకారం వివాహ నమోదు తప్పనిసరి. దొంగ సంబంధంవాళ్లు ఈ మాట వింటేనే సాకులు వెతుకుతారు.

డేటింగ్ యాప్‌లు, ఇన్‌స్టా, ఫేస్‌బుక్

పెళ్లి కోసమైతే ఇవి వద్దు. ట్రేడింగ్ మోసం, వీడియో బెదిరింపు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. అప్పటికే పరిచయం కుదిరి ఉంటే, కింది విచారణ అంతా చేసుకున్నాకే ఇంట్లో చెప్పండి, లేదా ఇంట్లో చెప్పి చేయించండి.

ఎక్కడివాడినని చెబితే ఏం చూడాలి

దారి ఏదైనా అవతలి మనిషి చెప్పే చోటును బట్టి విచారణ మారుతుంది. పేస్లిప్ పీడీఎఫ్ ఎవరైనా దిద్దొచ్చు కాబట్టి, కాగితం పంపమనడం కంటే మన ఎదుట తెరిచి చూపమనడం మేలు.

*బెంగళూరు, హైదరాబాద్ ఉద్యోగం.* అనంతపురం నుంచి బెంగళూరుకు బస్సులో నాలుగైదు గంటలు, పోయి అదే రోజు రావొచ్చు. కర్నూలు నుంచి హైదరాబాద్ కూడా అంతే. పనిదినం మధ్యాహ్నం ఆఫీసు గేటు దగ్గర కలుస్తామని చెప్పండి. ఉండే ఇంటికి పోయి వాచ్‌మన్‌ను, ఇంటి ఓనరును పలకరించండి. మాట ముదిరాక అబ్బాయి తన ఫోన్లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూపిస్తే కంపెనీ పేరు, నెలనెలా జమ కనిపిస్తాయి.

*కువైట్.* కడప, రాయచోటి, రాజంపేట వైపు ఈ సంబంధాలు ఎక్కువ. సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు), అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) చూపించమనండి. అది 18 నంబరు కంపెనీ వీసానా, 20 నంబరు ఇంటిపని వీసానా అని అడగండి. 20 మీద ఉంటూ కంపెనీ సూపర్‌వైజరునని చెప్పేవాళ్లున్నారు. ఆ వీసా మీద భార్యను తీసుకెళ్లే వీలు మామూలుగా ఉండదు. మీ మండలంవాళ్లు ఎవరో ఒకరు అక్కడ ఉంటారు, ఒక శుక్రవారం వాళ్లను ఆ గదికి పోయి కలిసి రమ్మనండి. ఇంతకంటే గట్టి పరిశీలన ఏ సైటూ చేయలేదు.

*అమెరికా, బ్రిటన్.* డాక్టరునంటే సులువు: అమెరికాలో ప్రతి రాష్ట్ర మెడికల్ బోర్డు, బ్రిటన్‌లో జనరల్ మెడికల్ కౌన్సిల్ లైసెన్సు జాబితాలను వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేట్టు పెడతాయి. ఇంజినీరునంటే వీసా కాగితం, పాస్‌పోర్టు. పాస్‌పోర్టులో భార్య పేరు గడి ఖాళీగా ఉందని పెళ్లికాలేదని తేల్చేయకండి, పెళ్లయ్యాక మార్పించుకోనివాళ్లు చాలామంది. అన్నిటికంటే ముఖ్యం ఇక్కడి ఊరు. "అమ్మానాన్న యాక్సిడెంట్‌లో పోయారు, ఒక్కణ్ణే, ఊళ్లో ఎవరూ లేరు" అన్నది మోసగాళ్లు ఎక్కువగా అల్లే కథ. నిజంగానే అట్లాంటివాళ్లు ఉండొచ్చు, వాళ్లకైనా చదివిన బడి, ఒక చిన్నాయన, పక్కింటివాళ్లు ఉంటారు.

*పొలం, తోట.* పది ఎకరాల చీనీ (బత్తాయి) తోట ఉందంటే ఊరి పేరు, ఖాతా నంబరు అడిగి ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల మీభూమి వెబ్‌సైట్‌లో 1బి అనే హక్కుల పత్రం తీయండి. ఎవరి పేరున ఉందో అక్కడే కనిపిస్తుంది.

*ఆధార్.* జిరాక్స్ చూసి నమ్మొద్దు. కార్డు మీది క్యూఆర్‌ను ఆధార్ సంస్థ అధికారిక యాప్‌తో స్కాన్ చేస్తే అసలు పేరు, ఫొటో వస్తాయి. కాగితం మీదున్న దానికీ దీనికీ తేడా ఉంటే దొంగ కార్డే.

ఎవరికి ఏది

*కూతురికి సంబంధం చూస్తున్న తల్లిదండ్రులు.* తెలిసిన పేరయ్య ఒకరు, ప్రాంతం సైటు ఒకటి. అది చాలు. ఐదారు చోట్ల పెడితే వచ్చే సంబంధాలను విచారించే ఓపిక మిగలదు, విచారించకుండా వదిలేసిందే మోసంగా తేలుతుంది. పెద్ద సైటు కూడా కావాలంటే ప్రొఫైల్ మీ పేరుతో, మీ నంబరుతో నడపండి.

*బయటి ఊళ్లో ఉంటూ తానే చూసుకుంటున్న అమ్మాయి, అబ్బాయి.* పెద్ద సైటు సరైనది. వదులుకుంటున్నది జవాబు చెప్పే మనిషిని, కాబట్టి ఆ లోటు మీరే పూడ్చుకోవాలి. అక్కకో స్నేహితురాలికో మొదటి వారంలోనే చెప్పండి. "మన సంగతి అప్పుడే ఎవరికీ చెప్పొద్దు" అన్న మాట అవతలినుంచి వస్తే దాన్ని ప్రేమ అనుకోవద్దు.

*రెండో పెళ్లి చూసుకుంటున్నవాళ్లు.* మోసగాళ్లు అందరికంటే ఎక్కువగా వెతికేది వీళ్లనే. భర్త పోయినావిడ దగ్గర బీమా డబ్బు, విడిపోయినావిడ దగ్గర సెటిల్‌మెంట్ డబ్బు ఉంటాయని వాళ్లకు తెలుసు. ఇంకో సంగతీ తెలుసు: మన ఇళ్లలో మొదటి పెళ్లికి పదిమంది కదిలి విచారిస్తారు, రెండోదానికి ఎవరూ కదలరు. ఆవిడ ఒక్కతే, రాత్రిపూట, ఎవరికీ చెప్పకుండా మాట్లాడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మీరు తోడు నిలబడకపోతే ఆ చోటు మోసగాడు నింపుతాడు. సిగ్గుపడాల్సిన పని ఆమె ఏదీ చేయడం లేదు.

వీళ్లకు పెద్ద సైట్లలో రెండో పెళ్లి విభాగం, లేదా తెలిసిన పేరయ్య మంచివి. గ్రూపుల్లో బయోడేటా వద్దే వద్దు. విడాకులయ్యాయంటే కోర్టు డిక్రీ సర్టిఫైడ్ కాపీ చూడాలి. "మ్యూచువల్‌గా విడిపోయాం, పెద్దమనుషుల్లో కాగితం రాసుకున్నాం" అన్నది హిందూ వివాహాల్లో సామాన్యంగా చెల్లదు. ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో జిల్లా, సంవత్సరం, పేరు ఇచ్చి వెతికితే కేసు ఏ దశలో ఉందో తెలుస్తుంది. హిందూ వివాహ చట్టం కింద వచ్చిన డిక్రీ మీద అప్పీలుకు 90 రోజుల గడువుంది, అది దాటిందా, అప్పీలు పడిందా అన్నదీ చూసుకోండి. భార్య పోయిందంటే మరణ ధ్రువీకరణ పత్రం. ఇవి అడిగితే నొచ్చుకునే మనిషి ఉండొచ్చు, చూపించకుండా దాటేసే మనిషి మాత్రం వద్దు.

*సేద్యం చేసుకునే అబ్బాయిలు.* ఊరు తెలిసిన పేరయ్య, బంధువులు. దూరపు పిల్లను నగదుతో కలిపి చూపించే బ్రోకరు ఎంత మంచిగా మాట్లాడినా దూరం.

డబ్బు మాట వస్తే

నిశ్చితార్థానికి ముందు, ఏ కారణానికైనా, అవతలి మనిషికి డబ్బు పంపకూడదు. ఆపరేషన్ అన్నా, టికెట్ అన్నా, పెట్టుబడి అన్నా ఇదే. డబ్బు వేయమన్న ఖాతా పేరు ఒకటి, మాట్లాడే మనిషి పేరు ఒకటి అయితే ఇక సందేహమే అక్కర్లేదు.

తిరగబడ్డ రూపం ఒకటుంది, దీన్ని చాలామంది గుర్తించరు. "నా డబ్బు నీ ఖాతాలో వేస్తాను, ఫలానావాళ్లకు పంపు" అంటారు. మన డబ్బు పోవట్లేదు కదా అనుకుంటాం. అది ఇంకొకరి దగ్గర దోచిన డబ్బు. ఖాతా స్తంభించిపోతుంది, పోలీసు నోటీసు మన పేరునే వస్తుంది.

పంపేసి ఉంటే

వెంటనే 1930కి ఫోన్ చేయండి. అదే ఫిర్యాదును సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ పోర్టల్‌లోనూ పెట్టొచ్చు. మీ బ్యాంకు పేరు, తేదీ, మొత్తం, యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్ (ఆ లావాదేవీ) నంబరు దగ్గర పెట్టుకుని చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు గంటల్లో మారిపోతుంది, మొదటి కొన్ని గంటల్లో చేస్తే మధ్యలో ఆపగలిగే అవకాశం ఎక్కువ. అదే రోజు బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఒకటి తెలిసి ఉండాలి: రిజర్వు బ్యాంకు 2017లో తెచ్చిన నిబంధన ఖాతాదారుడికి రక్షణ ఇచ్చింది అతని అనుమతి లేకుండా పోయిన డబ్బుకు. మనమే పిన్ కొట్టి పంపినదానికి బ్యాంకు బాధ్యత తీసుకుంటుందని ఆశపెట్టుకోవద్దు. అందుకే 1930 దగ్గర ఆలస్యం చేయకూడదు.

అవతలివాళ్లను తిట్టకండి, పసిగట్టామని తెలియనివ్వకండి. ముందు వాట్సాప్ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, ప్రొఫైల్ ఐడీ, నంబర్లు, ఫొటోలు భద్రపరచండి, తర్వాతే బ్లాక్ చేయండి. సిగ్గుతో చాట్ తుడిచేస్తే కేసుకు ఆధారం పోతుంది. సైటు ఫిర్యాదుల అధికారికి ప్రొఫైల్ ఐడీతో మెయిల్ పెట్టండి. జీరో ఎఫ్‌ఐఆర్ ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. మారుపేరుతో మోసం భారతీయ న్యాయ సంహిత 319 కింద, కంప్యూటర్ ద్వారా చేసింది ఐటీ చట్టం 66డి కింద వస్తుంది. పెళ్లి పేరుతో మోసగించి లైంగికంగా కలిసి ఉంటే సంహితలో 69వ సెక్షన్ ఉంది, పదేళ్ల దాకా శిక్ష. స్టేషన్‌లో పట్టించుకోకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పోండి.

వీడియో బెదిరింపు అయితే ఒక్క రూపాయి కూడా వేయొద్దు. వేసినవాళ్లను మళ్లీ మళ్లీ అడుగుతారు. ఇంట్లో ఒకరికి చెప్పేసి 1930కి చేయండి.

ఆ తర్వాత వారం పది రోజుల్లో ఇంకో ఫోన్ రావొచ్చు. సైబర్ లాయరునని, సైబర్ సెల్ నుంచి అని, మీ డబ్బు దొరికిందని, విడిపించడానికి ఫీజు కట్టమని చెబుతారు. మీ పేరు, పోయిన మొత్తం కూడా సరిగ్గా చెబుతారు, ఎందుకంటే ఆ జాబితా మొదటి ముఠా దగ్గరే ఉంది. పోలీసులు డబ్బు తిరిగి ఇప్పించడానికి ఫీజు అడగరు. ఆ నంబరును మీ పాత ఫిర్యాదు నంబరుకే జత చేయించండి.